బయోమెడికల్‌లో పీజీ... బోర్డు ఒకటే, లోపల పనులు వేరు!

బీఎస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బీఫార్మసీ, బీటెక్ బయోమెడికల్... ఏది చదువుతున్నా ఫైనలియర్‌కి వచ్చేసరికి ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ‘తర్వాతేంటి?’ నీట్ రెండుసార్లు రాసి, సీటు రాక ఇటు వచ్చినవాళ్లకైతే అది ఇంకాస్త గట్టిగా తగులుతుంది. సరిగ్గా అప్పుడే ఏదో కన్సల్టెన్సీ బ్రోచర్‌లో ‘ఎంఎస్ ఇన్ బయోమెడికల్ సైన్సెస్’ అని కనిపిస్తుంది. పేరులో మెడికల్ ఉంది, సైన్స్ ఉంది, పక్కన అమెరికా జెండా ఉంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కాస్త ఆగండి. ‘బయోమెడికల్’ అనే బోర్డు కింద నాలుగు రకాల పనులున్నాయి. మొదటిది, తెల్లకోటు వేసుకుని కణాలను పెంచడం, డీఎన్‌ఏ తీయడం, పిపెట్ పట్టుకుని రోజంతా నిలబడటం. రెండోది, కంప్యూటర్ ముందు కూర్చుని జీనోమ్ డేటాతో కుస్తీ పట్టడం. మూడోది, పేస్‌మేకర్, వెంటిలేటర్, స్టెంట్ లాంటి పరికరాలను తయారుచేయడం, పరీక్షించడం, వాటికి అనుమతులు తేవడం. నాలుగోది, ఆసుపత్రిలో రోగి చికిత్సకు దగ్గరగా ఉండే పని. ఈ నాలుగింటికీ డిగ్రీలు వేరు, ప్రవేశపరీక్షలు వేరు, జీతాలు వేరు. డిగ్రీ పేరు చూసి చేరితే రెండేళ్ల తర్వాత ‘నేను అనుకున్నది ఇది కాదే’ అనిపించడానికి అసలు కారణం ఇదే.

కాబట్టి ఏ కోర్సు గురించైనా రెండు ప్రశ్నలు అడగండి. ఇది చదివాక రోజూ నేను చేసే పనేంటి? ఈ చదువుకు డబ్బు నేను కట్టాలా, వాళ్లు నాకిస్తారా? రెండో ప్రశ్నను మనవాళ్లు దాదాపు అడగరు. పీజీ అంటే ఫీజు కట్టడమే కదా అనుకుంటారు. ఈ రంగంలో అన్నిచోట్లా అలా కాదు.

అమెరికా ఎంఎస్: ఈ మెలిక తెలుసా?

ముందు బ్రోచర్ సంగతే చూద్దాం. అమెరికాలో ఎంబీబీఎస్ లాంటి కోర్సు ఇంటర్ తర్వాత ఉండదు. నాలుగేళ్ల డిగ్రీ చేశాకే మెడికల్ స్కూల్‌కు దరఖాస్తు చేస్తారు. మార్కులు తక్కువొచ్చిన అక్కడి విద్యార్థులు తమ ప్రొఫైల్ మెరుగుపరుచుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పాటు చదివే మాస్టర్స్ కొన్ని ఉన్నాయి. వీటిని ‘స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్స్’ అంటారు. డిగ్రీ మీద పేరు మాత్రం చాలాచోట్ల ‘మాస్టర్స్ ఇన్ బయోమెడికల్ సైన్సెస్’ అనే ఉంటుంది. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ క్లాసులు, పరీక్షలు. పరిశోధన ఉండదు, థీసిస్ ఉండదు. దాని పనల్లా మెడికల్ స్కూల్ గేటు దాటించడమే.

ఇప్పుడు మన దగ్గర్నుంచి వెళ్లిన విద్యార్థి పరిస్థితి ఊహించండి. అంతర్జాతీయ విద్యార్థులను చేర్చుకునే మెడికల్ స్కూళ్లే అక్కడ తక్కువ. చేర్చుకున్నా, చదువు మొత్తానికీ సరిపడా డబ్బు ముందే చూపించమనేవీ ఉన్నాయి. అంటే ఆ కోర్సు ఏ గేటు కోసం పెట్టారో, ఆ గేటు మనకు దాదాపు మూసే ఉంటుంది. పోనీ ఉద్యోగానికి వెళ్దామా అంటే ల్యాబ్ అనుభవం లేదు. బయోటెక్ కంపెనీ ఇంటర్వ్యూలో ‘నువ్వు సొంతంగా ఏ టెక్నిక్స్ చేశావు’ అని అడుగుతారు. దానికి ట్రాన్స్‌క్రిప్ట్‌లోని ఏ-గ్రేడ్లు జవాబు కావు. వెనక్కి వస్తే బ్యాంకు లోన్ ఎదురుచూస్తూ ఉంటుంది.

అన్నీ ఇలాంటివే అనడం లేదు. అదే పేరుతో రెండేళ్ల పాటు ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో పనిచేయించి, థీసిస్ రాయించే మంచి కోర్సులూ ఉన్నాయి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆ కోర్సు పేజీ తెరవండి. ‘మెడికల్, డెంటల్ స్కూళ్లకు సిద్ధం చేస్తుంది’ అన్న అర్థంలో వాక్యం కనిపించిందా, అది వాళ్లకోసం పెట్టినది. ‘థీసిస్’, ‘రిసెర్చ్ క్రెడిట్స్’, ‘ల్యాబ్ రొటేషన్’ కనిపిస్తే ముందుకు చదవండి. సందేహం తీరకపోతే అడ్మిషన్ ఆఫీసుకు రెండు లైన్ల మెయిల్ పెట్టండి. కన్సల్టెన్సీని అడిగితే ‘సూపర్ కోర్సు బ్రదర్’ అనే అంటారు. వాళ్ల కమీషన్ వాళ్లది. ఐ-20 మీద కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఉంటేనే 12 నెలల ఓపీటీకి అదనంగా 24 నెలలు దొరుకుతాయి.

అమెరికాలో చాలామందికి తెలియని దారి ఇంకోటుంది. బయోమెడికల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీకి అక్కడ మాస్టర్స్ తప్పనిసరి కాదు. నాలుగేళ్ల డిగ్రీ, గట్టి ల్యాబ్ అనుభవం, మంచి సిఫార్సు లేఖలు ఉంటే నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు చేయొచ్చు. సీటొస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. అంటే తక్కువ చదువైన మాస్టర్స్‌కి లక్షలు కట్టాలి, పెద్ద చదువైన పీహెచ్‌డీకి వాళ్లే ఇస్తారు. వింతగా ఉన్నా అక్కడి లెక్క ఇదే. పోటీ మాత్రం చాలా ఎక్కువ. అదీగాక 2025లో అక్కడి ఎన్‌ఐహెచ్ పరిశోధన నిధులపై అనిశ్చితి వచ్చి, కొన్ని యూనివర్సిటీలు బయోమెడికల్ పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. అందుకే అమెరికా ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

బ్రిటన్ గురించి ఒక్క హెచ్చరిక చాలు. అక్కడ ‘బయోమెడికల్ సైంటిస్ట్’ అన్నది చట్టరక్షణ ఉన్న హోదా. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌లో రిజిస్టరైతేనే ఆ పేరు వాడుకోవాలి. ఏడాది ఎమ్మెస్సీ బయోమెడికల్ సైన్స్ చేసినంత మాత్రాన ఆ రిజిస్ట్రేషన్ దానంతటదే రాదు. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ రూట్ వీసా కూడా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజులు తక్కువే, కానీ పీహెచ్‌డీకి మామూలుగా మాస్టర్స్ ఉండాలి. పైగా మన మూడేళ్ల బీఎస్సీని అన్ని యూనివర్సిటీలూ ఒకేలా చూడవు. ముందే కనుక్కోండి.

ఉప్పల్ రోడ్డు మీదే ఉంది

పరిశోధనే మీ ఇష్టమైతే హైదరాబాద్‌లో ఉన్నన్ని సంస్థలు దేశంలో చాలా నగరాలకు లేవు. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, గచ్చిబౌలి వైపు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్‌ఆర్ క్యాంపస్. వీటి ముందునుంచి రోజూ సిటీ బస్సులో వెళ్తూ కూడా లోపల ఏం జరుగుతుందో తెలియని బీఎస్సీ విద్యార్థులు చాలామంది.

ఇలాంటి సంస్థల్లో పీహెచ్‌డీకి ఫెలోషిప్ కీలకం. ప్రధానమైనది సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్‌తో వచ్చే జేఆర్‌ఎఫ్. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత పనితీరు చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మారిస్తే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. ఊళ్లో చుట్టాలు ‘ఇంకా చదువేనా’ అన్నా, ఇంటికి భారం కాకుండా చదువుకునే దారి ఇది. ఫెలోషిప్ డబ్బులు కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యమవుతాయన్న మాట నిజమే. మొదటి ఆరు నెలలకు చేతిలో కొంత పెట్టుకుని వెళ్లడం మంచిది.

నెట్ అంటే ఎమ్మెస్సీ వాళ్ల పరీక్ష అనుకుంటారు గానీ, బీటెక్, బీఫార్మసీ, నాలుగేళ్ల బీఎస్ చదివినవాళ్లూ నేరుగా రాయొచ్చు. లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులు. అందులో సరిగ్గా సగం, అంటే 100 మార్కులు పార్ట్-సి వే. 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. ఇక్కడ బట్టీ పనిచేయదు. ఒక ప్రయోగం ఇచ్చి, గ్రాఫ్ ఇచ్చి, ‘దీన్నిబట్టి ఏం చెప్పగలం’ అని అడుగుతారు. గైడు నాలుగుసార్లు చదివినవాడికంటే, ల్యాబ్‌లో ఒక ప్రయోగం చెడిపోతే ఎందుకు చెడిపోయిందో ఆలోచించినవాడికి ఇది సులభం. దీంతోపాటు డీబీటీ జేఆర్‌ఎఫ్ కోసం ‘బెట్’, టీఐఎఫ్‌ఆర్ నిర్వహించే ‘జెజీబిల్స్’ కూడా ఉన్నాయి.

బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ ఒకే చోట చేసే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ సంగతి చాలా కాలేజీల్లో చెప్పేవాళ్లు లేరు. బెంగళూరు ఐఐఎస్సీ బయలాజికల్ సైన్సెస్‌లో దీన్ని నడుపుతోంది, ఐఐటీ జామ్ ర్యాంకుతో పిలుస్తారు. మొదటి నుంచీ స్టైపెండ్ ఉంటుంది. టీఐఎఫ్‌ఆర్ వారి ఎన్‌సీబీఎస్‌కు జెజీబిల్స్ దారి. ఇక నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే, యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నేరుగా పీహెచ్‌డీకి అర్హులే.

పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. నాలుగేళ్లు పనిచేశాక ప్రయోగం ఎటూ తేలకపోవచ్చు. ఆ ఓపిక ఉందా అన్నది మీరే తేల్చుకోవాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు. ఫోలిక్ యాసిడ్ నుంచి మెథోట్రెక్సేట్ దాకా ఆయన పేరుతో ముడిపడిన మందుల పనంతా ల్యాబ్ బెంచీ దగ్గర జరిగింది, క్లినిక్‌లో కాదు. డాక్టర్ కాలేకపోయానన్న బాధతో ఈ రంగంలోకి వచ్చినవాళ్లు ఈ తేడా గమనించాలి.

ఉత్త ఎమ్మెస్సీతో ఏమొస్తుంది?

తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ, డీబీటీ సాయంతో నడిచే బయోటెక్ కోర్సులకు గ్యాట్-బి. దారులకు కొదవ లేదు. ప్రశ్నల్లా చివర్లో ఏముందన్నదే.

జీనోమ్ వ్యాలీలోని టీకా, ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ ఉద్యోగాలున్నాయి. మొదటి జీతం మీ సీఎస్‌ఈ క్లాస్‌మేట్‌తో పోల్చుకోవద్దు, నిద్ర పట్టదు. మూడు నాలుగేళ్ల అనుభవం తర్వాతే పెరుగుదల కనిపిస్తుంది. ఇక అమీర్‌పేట గోడల మీద రాసి ఉండే మెడికల్ కోడింగ్. అది గౌరవమైన ఉద్యోగమే, చాలా కుటుంబాలను నిలబెట్టింది. కానీ దానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, డిగ్రీ చాలు. చివరికి చేరేది అక్కడికే అయితే మధ్యలో రెండేళ్లు, ఫీజులు ఎందుకు పెట్టాలో ఆలోచించండి.

మెడికల్ కాలేజీల్లో చేసే ఎమ్మెస్సీ అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ లాంటివాటి కథ వేరు. వీటిని ఎంచుకునేవాళ్లలో ఎక్కువమంది మెడికల్ కాలేజీలో లెక్చరర్ కావాలనుకునేవారే. ఇక్కడ నిబంధనలు మారుతుంటాయి. 2020లో జాతీయ వైద్య కమిషన్ వైద్యులు కాని అధ్యాపకుల వాటాను బాగా తగ్గించి, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీల్లో తలుపే మూసేసింది. 2025 నిబంధనల్లో ఆ రెండింటినీ ఎమ్మెస్సీ-పీహెచ్‌డీ వాళ్లకు మళ్లీ తెరిచింది. ఐదేళ్లలో అటూ ఇటూ తిరిగిన తలుపు ఇది. దీనిమీదే ఆశ పెట్టుకుంటే పక్కన రెండో దారి కూడా ఉంచుకోవాలి, పీహెచ్‌డీ మాత్రం తప్పదు.

బీఫార్మసీ వాళ్లకు బాలానగర్‌లోని నైపర్ మొదటి ఎంపిక కావాలని నా అభిప్రాయం. జీప్యాట్, ఆపైన నైపర్ జేఈఈ రాయాలి.

ఇంజినీర్లకు ఇది పరాయి ఊరు కాదు

నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి. దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాద్ నుంచి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ వ్యవస్థాపకుడు వరప్రసాద్ రెడ్డి బయాలజీ మనిషి కాదు, ఇంజినీర్. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో గుండె సర్జన్ వలియత్తాన్, ఇంజినీర్లు కలిసి ఏళ్ల తరబడి మోడల్ తర్వాత మోడల్ మార్చుకుంటూ కృత్రిమ గుండె కవాటం చేశారు. 1990లో తొలిసారి రోగికి అమర్చారు.

ఇప్పుడు దారి అప్పటికంటే స్పష్టంగా ఉంది. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్‌కు ప్రత్యేక పేపర్ ఉంది. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ వాళ్లు తమ పేపర్ రాసినా చాలా ఐఐటీలు బయోమెడికల్ ఎంటెక్‌కు తీసుకుంటాయి. ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది. గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 స్టైపెండ్. నాకు బాగా నచ్చింది ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, శ్రీచిత్ర కలిసి నడిపే ఎంటెక్ క్లినికల్ ఇంజినీరింగ్. ఇంజినీర్‌ను ఆసుపత్రిలో కూర్చోబెట్టి, డాక్టర్ ఏ పరికరంతో ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో కళ్లారా చూపించడం దాని ప్రత్యేకత. ఎంబీబీఎస్ చేసి ఇటు రావాలనుకునేవాళ్లకు ఐఐటీ ఖరగ్‌పుర్‌లో మూడేళ్ల ఎంఎంఎస్‌టీ ఉంది.

ఉద్యోగాలెక్కడ అంటే విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్. ఇంకో మార్పు కూడా గమనించండి. 2020 ఏప్రిల్ నుంచి వైద్యపరికరాలన్నింటినీ చట్టం దృష్టిలో మందులతో సమానం చేశారు. ఆ తర్వాత దశలవారీగా లైసెన్సు తప్పనిసరి అయింది. థర్మామీటర్ చేసే చిన్న కంపెనీకి కూడా ఇప్పుడు రెగ్యులేటరీ ఫైళ్లు తయారుచేసేవాళ్లు, ఐఎస్ఓ 13485 తెలిసినవాళ్లు కావాలి. రోజంతా డాక్యుమెంట్లతో పని, మెరుపులుండవు. కానీ పరికరమూ అర్థమై, చట్టమూ అర్థమయ్యేవాళ్లు తక్కువ.

కోడింగ్ వచ్చినవాళ్లకు బయోఇన్ఫర్మేటిక్స్ ఉంది. ఐఐఐటీ హైదరాబాద్‌లో ఇందుకు పరిశోధన కేంద్రమే ఉంది, పీజీఈఈ రాసి ఎంఎస్ బై రిసెర్చ్‌లో చేరొచ్చు. ప్రొటీన్ ఆకృతిని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక అందరి చూపూ ఇటే. అయితే పైథాన్ నేర్చుకుని బయాలజీ వదిలేస్తే మీరు ఇంకో ప్రోగ్రామర్, అంతే. బీఎస్సీ వాళ్లు ఆర్ లేదా పైథాన్, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకుంటే ఈ పోటీలో ఇంజినీర్లకంటే ముందుంటారని నా నమ్మకం. జన్యువు అంటే ఏంటో వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు కదా.

ఆసుపత్రిలో డాక్టర్ కాకుండా...

ఇక్కడ సూత్రం ఒక్కటే. ఆ ఉద్యోగానికి అర్హతను చట్టమో, నియంత్రణ సంస్థో నిర్ణయించిందా లేదా చూడండి. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్ట్‌కు అణుశక్తి నియంత్రణ మండలి అర్హతలు పెట్టింది. ఫిజిక్స్ నేపథ్యంతో పీజీ, ఆపైన రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఐఐటీ హైదరాబాద్ ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ నడుపుతోంది. బీఎస్సీ ఎంపీసీ వాళ్లు ‘బయోమెడికల్ మాకు కాదులే’ అనుకుంటూ వదిలేస్తున్న దారి ఇది.

ఐవీఎఫ్ కేంద్రాల్లో పనిచేసే ఎంబ్రియాలజిస్టుల అర్హతలు కూడా 2021 చట్టం తర్వాత నిబంధనల్లోకి ఎక్కాయి. మణిపాల్ లాంటి చోట్ల పూర్తికాలం ఎమ్మెస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీ ఉంది, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఈ పీజీ ఉంది. పదిహేను రోజుల సర్టిఫికెట్ కోర్సులు చూపించి లక్ష, రెండు లక్షలు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. నిబంధనలు అడిగేది సర్టిఫికెట్ కాదు, పూర్తికాలపు పీజీ, అనుభవం.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడేం చేయాలి?

గేట్, జామ్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు-అక్టోబర్ మధ్య వస్తాయి, పరీక్షలు ఫిబ్రవరిలో. నెట్ ఏడాదికి రెండుసార్లు. తేదీలు అటూఇటూ అవుతుంటాయి కాబట్టి వాట్సాప్ ఫార్వర్డ్ కాకుండా అధికారిక వెబ్‌సైటే చూడండి.

చేరాలనుకున్న డిపార్ట్‌మెంట్‌లో గత రెండేళ్లలో బయటికి వెళ్లిన ముగ్గురిని లింక్డ్‌ఇన్‌లో వెతికి పట్టుకోండి. ‘కోర్సు బాగుందా’ అని అడగొద్దు, బాగుందనే చెప్తారు. ‘నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేశావు, ఈ ఉద్యోగానికి ఈ డిగ్రీ లేకపోతే తీసుకునేవాళ్లా’ అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు ‘తీసుకునేవాళ్లే’ అన్నారంటే ఆ కోర్సు ఫీజు గురించి మళ్లీ ఆలోచించాలి.

రెండో సంవత్సరంలోనో, మూడో సంవత్సరంలోనో ఉన్నవాళ్లకు ఇంకా మంచి అవకాశముంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ల్యాబ్‌లో పని, స్టైపెండ్ వాళ్లే ఇస్తారు. దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి, వేసవి వచ్చాక గుర్తొచ్చి లాభం లేదు. అది దొరక్కపోతే మీ ఊరికి దగ్గర్లోని యూనివర్సిటీ ప్రొఫెసర్లకు పేరుపేరునా మెయిల్ రాయండి. ‘రెస్పెక్టెడ్ సర్/మేడమ్’ అంటూ ఒకే మెయిల్ ముప్పై మందికి పంపితే ఎవరూ చదవరు. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థం కానిదేంటో రెండు లైన్లు రాయండి. ఇరవై పంపితే రెండు జవాబులొస్తాయేమో, ఒక్క ల్యాబ్ దొరికితే చాలు. ఫైనలియర్ ప్రాజెక్టును మాత్రం అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొనకండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అన్నింటికంటే ఎక్కువసేపు అడిగేది దాని గురించే.